మజ్బూరీ దుంప

షల్గం గోష్ మన దస్తర్‌ఖాన్ మీద చలికాలపు మెహమాన్. షల్గం ముక్కలు సాలన్ పీల్చుకుని, వేలితో నొక్కితే విరిగేంత మెత్తబడేదాకా మా అమ్మీ సన్న సెగ మీద గిన్నె దించేది కాదు. ఆ షల్గంకి యూరప్‌లో దగ్గరి చుట్టం ఒకటుంది. ఇంగ్లండులో స్వీడ్ అంటారు, అమెరికాలో రూటబేగా, స్కాట్లండ్‌లో నీప్. పైన ఊదారంగు, లోపల లేత పసుపు. షల్గం కంటే గట్టిది, తియ్యనిది. క్యాబేజీ ఖాందాన్‌కీ షల్గం ఖాందాన్‌కీ రిష్తా కుదిరి పుట్టింది. ఈ షజరాని 1935లో నాగహారు ఊ అనే శాస్త్రవేత్త జపాన్‌లో తేల్చాడు. దుంప మాత్రం అంతకు చాలా ముందుదే. 1620 నాటి రాతల్లోనే స్వీడన్‌లో పెరిగే దుంపగా దీని ప్రస్తావన ఉంది.

ఏ పాపం ఎరగని ఈ దుంప పేరు ఒక కహత్‌కి అంటుకుంది. జర్మన్లు 1916-17 చలికాలాన్ని ష్టెక్‌రూబెన్‌వింటర్ అంటారు. స్వీడ్ దుంపల చలికాలం అని.

అప్పటికి జంగ్ మొదలై రెండేళ్లు దాటింది. సముద్రం మీద బ్రిటిష్ నౌకాదళం జర్మనీకి దారులు మూసేసింది. బయటి నుంచి గోధుమ రాదు, కొవ్వు రాదు, పొలానికి ఎరువు రాదు. మగవాళ్లూ గుర్రాలూ ఫౌజ్‌లోకి పోయారు. ఉన్న ఆసరా ఆలుగడ్డ ఒక్కటే. 1916లో వానలు పట్టుకుని వదల్లేదు, తెగులు సోకింది, పంట ముందటేడాదితో పోలిస్తే సగానికి పడిపోయింది. రేషన్‌లో ఆలుగడ్డ బదులు స్వీడ్ ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడివాళ్లకి అది ఎక్కువగా పశువుల దాణా. గొడ్డుకి వేసేది బిడ్డకి పెట్టాల్సి వచ్చిందన్న ఇజ్జత్ సవాల్ మొదటి ముద్దలోనే ఉంది.

పొద్దున స్వీడ్ సూప్, మధ్యాహ్నం స్వీడ్ కట్లెట్, రొట్టె పిండిలో స్వీడ్, రొట్టె మీద స్వీడ్ మురబ్బా. ఎండబెట్టి, మాడ్చి, దంచి కాఫీ అని కూడా తాగారు.

కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంట్లో తాఖత్ ఉండదు. ఎందుకంటే ఇందులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. వంద గ్రాములకి 40 కెలోరీలు కూడా రావు. ఆలుగడ్డయితే దాదాపు రెట్టింపు ఇస్తుంది. ఆ చలికాలంలో పట్నవాసికి రేషన్ మీద రోజుకి దక్కింది వెయ్యి కెలోరీల చిల్లర. అదంతా స్వీడ్‌తోనే రావాలంటే రోజుకి రెండున్నర కిలోల పైన తినాలి. 1917 ఏప్రిల్‌లో రొట్టె రేషన్ ఇంకా తగ్గించగానే బెర్లిన్, లైప్‌సిగ్ ఫ్యాక్టరీల కార్మికులు పని ఆపి వీధికెక్కారు. జంగ్ మొత్తం మీద దిగ్బంధం వల్ల చనిపోయిన మామూలు జనం 7,63,000 అని 1918 చివర్లో జర్మన్ సర్కార్ లెక్క చెప్పింది. అంతమంది కాదని తర్వాతి చరిత్రకారులు వాదించారు. కాకపోయినా లక్షల మాటే.

షేఖ్ సాదీ గులిస్తాన్‌లో, ఖనాఅత్ గురించిన బాబ్‌లో, ఎడారిలో దారి తప్పినవాడికి వెండి కంటే షల్గమే గొప్పదని చెప్పే హికాయత్ ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన మాలాంటివాళ్లకి అది పరిచయమే. కానీ సాదీ ముసాఫిర్‌కి కావాల్సింది ఒక్క పూట షల్గం. నెలల తరబడి మూడు పూటలా అదే పెడితే ఏమంటాడో ఆ జర్మన్ తల్లులని అడగాలి.

బెర్లిన్‌కి దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్‌లో అదే కాలంలో ఒక ఖైదీల క్యాంపు ఉండేది. పేరు హాల్బ్‌మోండ్‌లాగర్, అంటే నెలవంక క్యాంపు. ఫ్రాన్స్, బ్రిటన్ ఫౌజ్‌ల తరఫున పోరాడి పట్టుబడిన ముస్లింలని, హిందూస్తానీ సిపాయీలని అక్కడ ఉంచారు. వాళ్లని తమవైపు తిప్పుకునే ఆశతో 1915లో జర్మన్లు అక్కడ చెక్కతో మస్జిద్ కూడా కట్టించారు. ఖైదీల భాషలని గ్రామఫోన్ మీద రికార్డు చేశారు. 1916 డిసెంబర్ 11న మల్ సింగ్ అనే పంజాబీ సిపాయీ ఆ యంత్రం ముందు మాట్లాడాడు. తన కథనే ఎవరో ఒక మనిషి కథలా చెప్పుకొచ్చాడు. ఆ మనిషి హిందూస్తాన్‌లో వెన్న తిన్నాడు, పాలు తాగాడు, అంగ్రేజ్ నౌకరీలో చేరి ఈ జంగ్‌లోకి వచ్చి పట్టుబడ్డాడు, ఇంటికి పోవాలనుకుంటున్నాడు. కథకి మొదలు వెన్నే. అది స్వీడ్ చలికాలం ముంచుకొస్తున్న డిసెంబర్. కంచె బయట బెర్లిన్‌లో ఆడవాళ్లు వెన్న కోసం, దుంపల కోసం క్యూలు కడుతున్నారు.

పాతికేళ్లు తిరక్కుండానే జర్మన్ ఫౌజ్ ఫ్రాన్స్‌ని ఆక్రమించింది. ఈసారి ఆలుగడ్డలు ఆ ఫౌజ్ పట్టుకుపోతే ఫ్రెంచి జనానికి మిగిలింది రూటబేగా. ఆకలి ఏమిటో తెలిసిన ముల్క్ ఇంకో ముల్క్‌కి అదే వడ్డించింది! ఆ తరం ఫ్రెంచివాళ్లలో చాలామంది జంగ్ అయ్యాక దాన్ని మళ్లీ ముట్టలేదు.

అదే దుంప స్కాట్లండ్‌లో జనవరి 25 రాత్రి, కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద జరిగే దావత్‌లో వెన్నతో మెదిపి వడ్డిస్తారు. ఫిన్లండ్‌లో క్రిస్మస్‌కి ఓవెన్‌లో కాల్చి పెడతారు. నార్వేలో ఎండబెట్టిన గొర్రె పక్కటెముకల మాంసానికి జోడీ అదే. షౌఖ్‌తో తిన్నచోట పండగ వంట, మజ్బూరీతో తిన్నచోట మనాది. నాలుకకి కూడా యాద్ ఉంటుంది.

ఇక ఆకు, తోలు. లేత స్వీడ్ ఆకుని ఆవకూరలా వండొచ్చు. కాస్త చేదు ఉంటుంది కాబట్టి ఒకసారి మరిగే నీళ్లలో వేసి తీసి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే రొట్టెకి బాగుంటుంది. కానీ చలికాలానికి దాచే దుంపకి ఆకు ఉండదు. ఆకు తుంచేసే దాస్తారు. చీకట్లో దాచిన దుంప మీద వచ్చే తెల్లటి మొలకలని కూరగా తినే అలవాటూ ఉంది. కశ్మీర్‌లో షల్గంని బిళ్లలుగా కోసి, దారానికి గుచ్చి ఎండబెట్టి మంచు నెలలకి దాచుకుంటారు. తోలు సంగతికొస్తే, లేత దుంపని రుద్ది కడిగితే చాలు. ముదిరినదాని తోలు పీచు. ఎండిపోకుండా దుకాణాల్లో మైనం పూసి అమ్మే రకమైతే మందంగా చెక్కేయాల్సిందే. పంజాబీలో పైపైన పని కానిచ్చేవాణ్ణి షల్గం మీద మట్టి దులిపాడంటారు. మైనం పూసిన స్వీడ్‌కి ఆ దులపడం అస్సలు సరిపోదు.

ఇంగ్లండులో ఉన్న మా ఖాలా కూతురు షల్గం దొరకనప్పుడు గోష్‌లో స్వీడే వేస్తుంది. ఎక్కువసేపు ఉడకాలి, తీపి ఎక్కువ కాబట్టి ఇంకో రెండు పచ్చిమిర్చి పడాలి అంటుంది. ఆకులు కూడా వేసి చూడమన్నాను. అక్కడి దుకాణాలకి స్వీడ్ బోడిగానే వస్తుందట. ఆకులు పొలంలోనే ఆగిపోతాయి, గొర్రెలకి.