సగము వెలకు క్రొత్త నాదము

యంత్రములందు పుట్టిన సంగీతము తొలుత సామాన్య శ్రోత చెవికి అందుట దుర్లభముగా నుండెను. 1951లో జర్మనీ దేశమున కొలోన్ రేడియో కేంద్రమువారు ఎలక్ట్రానిక్ సంగీతమునకై ఒక స్టూడియో నెలకొల్పుటకు పూనుకొనిరి. అందు స్వరకర్తలు టేపు ముక్కలను కత్తిరించి, అతికించి, నెలల తరబడి శ్రమించి కొలది నిమిషముల నాదమును కూర్చెడివారు. 1956లో స్టాక్‌హౌజెన్ అచట వినిపించిన ప్రఖ్యాత కృతి నిడివి పదమూడు నిమిషములే. ఇట్టి కృతులను వినగోరువారు రేడియో ప్రసారమునకై వేచియుండవలెను. లేదా కచేరీకి పోవలెను. ఆ కచేరీలో గాయకుడు లేడు, వాద్యకారుడు లేడు. లౌడ్ స్పీకర్లు మాత్రమే! టిక్కెట్టు కొని పెట్టెలవంక చూచుచు కూర్చుండుట మాకైనను వింతగానే తోచెడిది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును వెలువరించినది. లక్కతో చేసిన పాత రికార్డు ఒక పక్క మూడు నాలుగు నిమిషములు పలికెడిది. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ఈ వినైల్ రికార్డు ఇరువది నిమిషములకు పైగా పలుకును. కాని వెల ఎక్కువ.

ఆ చిక్కును విప్పినవాడు జాక్ హోల్జ్‌మన్. పేపర్‌బ్యాక్ పుస్తకము వెలకే మేలైన రికార్డు నీయవలెనని 1964లో నన్‌సచ్ అను శాఖను స్థాపించెను. మామూలు రికార్డు వెలలో అది సగము. ఎట్లు సాధ్యమైనదందురా? ఐరోపా కంపెనీలు అదివరకే రికార్డు చేసియుంచిన సంగీతమునకు హక్కులు పొంది అచ్చు వేయించెను. వాద్యబృందముల ఖర్చు తప్పినది.

ఇంతతో ఆగినచో ఇది వర్తకపు కథయే. 1967లో ఆ సంస్థయే మార్టన్ సుబాట్నిక్ చేత ‘సిల్వర్ ఆపిల్స్ ఆఫ్ ది మూన్’ అను కృతిని కోరి చేయించినది. డాన్ బుక్లా నిర్మించిన సింథసైజరుపై కూర్చిన ఆ కృతికి రెండు భాగములు. రికార్డుకు రెండు పక్కలు! త్యాగరాజ కీర్తన రికార్డు ఎంత శ్రావ్యముగా నున్నను, అది ఎచటనో పాడిన పాటకు నీడ. ఇది అట్టిది కాదు. ఇంటిలో వినుటకే పుట్టినది. రికార్డే దీనికి మూలము. కావున సగము వెలకు కొన్న విద్యార్థికి దక్కినది నకలు కాదు.

మరుసటి ఏడు అదే సంస్థ బీవర్, క్రాస్ అను ఇరువురు సిద్ధపరచిన ఎలక్ట్రానిక్ సంగీత పరిచయమును రెండు రికార్డుల పెట్టెగా వెలువరించినది. ఒక్కొక్క తరంగము ఎట్లు పలుకునో, వడపోసినచో ఎట్లు మారునో అందు వరుసగా వినిపించి, వెంట ఒక చిన్న పుస్తకమును జతపరచిరి. రంపపు పన్ను ఆకారపు తరంగమని మేము ఎంత వర్ణించినను మీకు తెలియనిది, సూది ఆ చాలుపై వ్రాలిన క్షణముననే తెలియును.