పిలాతు ముద్రించిన కాసు

పొంతి పిలాతు యూదయకు అధిపతిగానున్న కాలమున (క్రీ.శ. 26–36) ముద్రింపబడిన చిన్న కంచు నాణెములు నేటికిని అనేకము లభించుచున్నవి. వీటిని ప్రూటా అందురు. ఒక్కొక్కటి సుమారు 2 గ్రాముల బరువు. తిబెరి కైసరు ఏలుబడి 16, 17, 18వ సంవత్సరములలో, అనగా క్రీ.శ. 29–32 మధ్య ఇవి వెలువడెను.

దేనారముపైనున్న కైసరు రూపమును గూర్చి మనము తరచుగా ప్రసంగింతుము. ఈ కంచు నాణెముపై ఏ మనిషి రూపమును లేదు. పిలాతుకు ముందున్న అధిపతులు ఎక్కువగా ధాన్యపు వెన్ను, ఖర్జూరపు చెట్టు, ద్రాక్షాకు వంటివి వేయించిరి. పిలాతు ఆ హద్దు దాటెను. 16వ సంవత్సరపు నాణెమునకు ఒకవైపు రోమా పూజారులు పానార్పణము పోయు గరిటె, రెండవవైపు మూడు యవల వెన్నులు, కైసరు తల్లియైన యూలియా పేరు ఉన్నవి. తరువాతి రెండేండ్ల నాణెములపై శకునము చూచువారు పట్టుకొను, కొన వంగిన కర్ర ఉన్నది. శకునము చూచుటను ద్వితీయోపదేశకాండము 18:10 నిషేధించుచున్నది. అయినను ఆ కర్ర బొమ్మ ధర్మశాస్త్రమెరిగిన యూదుల చేతులలోనే దినమంతయు మారుచుండెను.

ఇది యూదులను కావలెనని రెచ్చగొట్టుటయేనని కొందరు పండితులందురు. మేమును చాలాకాలము అట్లే బోధించితిమి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పజాలము. కైసరు బొమ్మలుగల ధ్వజములను యెరూషలేమునకు తెచ్చినప్పుడును, దేవాలయ ధనముతో నీటికాలువ కట్టించినప్పుడును జనులు లేచిరని యోసేపస్ వ్రాసెను గాని, నాణెమును గూర్చి అల్లరి జరిగినట్లు వ్రాయలేదు. అంతేకాదు, దేవాలయపు పన్నుకు చెల్లిన తూరు వెండి నాణెముపై మెల్కార్తు అను అన్యదేవుని తల ఉండెను! వెండి మేలిమిదగుటచే దానిని అంగీకరించిరి. అయితే అల్లరి లేనంత మాత్రమున నొప్పి లేదనలేము. ధ్వజములకు దూరముగా నివసింపవచ్చును. కాసు ముట్టక రొట్టె కొనుట ఎట్లు?

బీద విధవరాలు వేసిన రెండు కాసులు (మార్కు 12:42) పిలాతువేనా? మన తెలుగు బైబిలులో ఆమె నాణెమును, పిచ్చుకల వెలయైన నాణెమును (మత్తయి 10:29) కాసు అనియే ఉన్నవి. గ్రీకులో మొదటిది లెప్టాన్, రెండవది అస్సారియోన్. ఎనిమిది లెప్టాలు ఒక అస్సారియోన్. దానికి రెండు పిచ్చుకలు. అనగా ఆమె జీవనమంతయు ఒక పిచ్చుక వెలలో సగము. పిలాతు ప్రూటా ఆమె నాణెముకంటె పెద్దది. లంగరు, నక్షత్రము గల అలెగ్జాండరు యన్నాయు (క్రీ.పూ. 103–76) కాలపు చిన్న నాణెములు అప్పటికిని చెల్లుచుండెను. ఆమె చేతనున్నవి, ఎవరు ముద్రించిరో పోల్చుకొనలేనంతగా అరిగిపోయిన అట్టివే కావచ్చును.