దాలి నుంచి స్లోకుక్కర్ దాకా: కోస్గి వంటింట్లో సన్నసెగ చరిత్ర

ఉపోద్ఘాతం

వంటింటి చరిత్రను సాధారణంగా పదార్థాలు, పాత్రలు ఆధారంగా రాస్తారు. ఏ సెగ మీద, ఎంతసేపు, ఎవరి పర్యవేక్షణలో వండారన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరిన కోస్గిలోని మా ఇంట్లో స్లోకుక్కర్‌ను తొలిసారి వాడిన అనుభవం ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. సన్నసెగ వంట తీరికకు కాక, పొయ్యి దగ్గర మనిషి ఉండలేని పరిస్థితికి పుట్టిన పద్ధతి అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

తొలి ప్రయోగం

ఉదయం కళాశాలకు వెళ్లేముందు కందిపప్పు, నీళ్లు, ఉప్పు, మిరపకాయలు, చింతపులుసు కలిపి కుక్కర్‌ను తక్కువ సెగలో పెట్టాము. సాయంత్రం మూత తీస్తే పప్పు గింజ గింజగానే ఉన్నది. అది చూసి మా అవ్వ అన్న మాట: "పులుసు ముందుగాల పోస్తే పప్పు ఉడుకుతదా బిడ్డా? దాలిల పెట్టినా గంతే."

ఈ మాటకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. గింజలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో తొందరగా కరగదు. పైగా స్లోకుక్కర్ తక్కువ సెగలో నీటిని తెర్లనివ్వదు. మరునాడు పప్పును ఉత్త నీళ్లలో పెట్టి, పులుసు, పోపు సాయంత్రం చేర్చాము. పప్పు వెన్నలా మెదిగింది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులు పండే ప్రాంతం మాకు పొరుగే. ఆ పప్పు గుణం మాకు కొత్త కాదు. మాకు తెలియనిది సెగ గుణం. ఆ యంత్రాన్ని అంతకుముందు చూడని అవ్వకు దాని నియమం మాత్రం ముందే తెలుసు.

దాలి: ఒక పాత ఏర్పాటు

దాలి అంటే నిప్పుగుంట. అందులో పిడకలు పేర్చి, అవి మండి కణకణలాడే నిప్పులయ్యాక పాలకుండ పెడతారు. పిడక నిప్పు భగ్గున మండదు. పైన బూడిద పొర కట్టి, లోపలి వేడిని గంటల తరబడి నిలుపుతుంది. పాలు పొంగకుండా కాగి, ఎర్రబారి, మందపు మీగడ కడతాయి. స్లోకుక్కర్‌లో పింగాణీ గిన్నెను చుట్టి ఉండే విద్యుత్ తీగ చేసే పని, దాలిలో కుండను చుట్టి ఉండే నిప్పులు చేసే పని ఒకటే.

మెట్ట వ్యవసాయపు వంటింట్లో రెండు రకాల వంటలు కనిపిస్తాయి. జొన్నరొట్టె చేయాలంటే మనిషి పొయ్యి ముందే కూర్చోవాలి. ఉలువలకు ఆ అవసరం లేదు. నిప్పుల మీద కుండ పెట్టి పొలానికి పోవచ్చు. తిరిగి వచ్చేసరికి గింజ ఎద్దులకు, కట్టు మనుషులకు సిద్ధంగా ఉంటుంది. మొదటిది మనిషిని కట్టేసే వంట, రెండవది మనిషిని విడిచిపెట్టే వంట.

ఈ భేదాలను తెలుగు క్రియలు నమోదు చేశాయి. పాలు కాగుతాయి, నీళ్లు మరుగుతాయి, గింజ ఉడుకుతుంది, కూర తన ఆవిరిలో తానే మగ్గుతుంది, నీరు ఇగురుతుంది. గడ్డిలో పెట్టిన మామిడికాయకూ మగ్గడమే వాడతాము. మంటతో కాక, కప్పి ఉంచిన వేడితో, కాలంతో వచ్చే మార్పు మగ్గడం. స్లోకుక్కర్ పనికి ఇంతకంటే తగిన క్రియ లేదు.

ఇతర ప్రాంతాల సాక్ష్యం

స్లోకుక్కర్ పుట్టుక కూడా ఇదే చెబుతుంది. యూదులు శుక్రవారం సూర్యాస్తమయం తర్వాత, విశ్రాంతిదినం ముగిసేదాకా నిప్పు రాజేయరు. అందుకని లిథువేనియాలోని విల్నా నగరంలో చోలెంట్ అనే వంటకపు కుండను ముందుగానే రొట్టెల బట్టీలో పెట్టి, మరునాడు తెచ్చుకునేవారు. తల్లి చెప్పిన ఈ జ్ఞాపకం అమెరికాలోని ఇర్వింగ్ నాక్సన్‌కు ప్రేరణ అయింది. ఆయన 1936లో దరఖాస్తు చేసిన పేటెంటు 1940లో మంజూరైంది. రైవల్ సంస్థ దానిని 1971లో క్రాక్‌పాట్ పేరుతో విడుదల చేసి, ఉద్యోగాలకు వెళ్లే స్త్రీలకు పరిచయం చేసింది.

మన దేశంలో బెంగాలుకు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ 1910లోనే ఇక్మిక్ కుక్కర్ రూపొందించారు. దొంతర గిన్నెల అడుగున బొగ్గులు రాజేసి వదిలేస్తే అన్నం, పప్పు, కూర ఆవిరికి ఉడికేవి. విల్నాలో మతనియమం, అమెరికాలో ఉద్యోగం, పాలమూరు మెట్టలో పొలంపని: కారణాలు వేరు, పొయ్యి దగ్గర మనిషి లేకపోవడం మాత్రం సమానం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీం ఇందుకు భిన్నమైనది. అదీ గంటల తరబడి సన్నసెగ మీద ఉడికేదే కాని, బట్టీ దగ్గర నిలబడి గోటుకర్రలతో మెదిపే మనుషులు లేకుండా తయారు కాదు. కాబట్టి నిదానంగా ఉడికేవన్నీ ఒకే కోవకు చెందవు.

దాలి ఎందుకు పోయింది?

దాలికి పిడకలు కావాలి, పిడకలకు పశువులు కావాలి. ట్రాక్టరు వచ్చి ఎద్దులు తగ్గినప్పుడు ఉలువల కుండతో పాటు దాని కింది నిప్పూ తగ్గింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకు గ్యాసును చేర్చాయి. గ్యాసుపొయ్యి మీద గంటల వంట ఖర్చుతో కూడినది. అక్కడ ప్రెషర్ కుక్కరే లాభం. ఈ మార్పును నష్టంగా మాత్రమే చూడరాదు. పిడకల పొగ స్త్రీల కళ్లను, ఊపిరితిత్తులను బాధించింది. దాలి ఇచ్చిన తీరిక కూడా విశ్రాంతి కాదు, పొలంలో మరో పని.

పాత జ్ఞానానికి హద్దులూ ఉన్నాయి. ఇటీవల మన వంటింట చేరిన రాజ్మాను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లించకుండా స్లోకుక్కర్‌లో వేస్తే అందులోని ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం నశించదు. ఈ జాగ్రత్త దాలి నేర్పినది కాదు.

ముగింపు

స్లోకుక్కర్ మనకు కొత్త పరికరమే కాని కొత్త పద్ధతి కాదు. దాలి చరిత్రకు ఆధారాలు పాత్రలలో కంటే క్రియాపదాలలో, అవ్వల నోటి మాటలలో ఎక్కువగా మిగిలి ఉన్నాయి. జిల్లా మాండలికాల సేకరణలో వస్తువుల పేర్లతో పాటు వంట క్రియలను, వాటి సెగను, వ్యవధిని, ఆ సమయంలో వండేవారు ఎక్కడ ఉండేవారన్న వివరాన్ని కూడా నమోదు చేయాలి. అవ్వ మాట వినకముందు మాకు కుక్కర్‌తో వచ్చిన సూచనల పుస్తకం ఒక్కటే ఆధారం. పప్పు ఎప్పుడు ఉడకదో ఆ పుస్తకంలో లేదు.