రీప్లేగెయిన్

రీప్లేగెయిన్ అనేది వేర్వేరు డిజిటల్ పాటల ఫైళ్ళు శ్రోతకు దాదాపు ఒకే స్థాయిలో వినిపించేటట్లు చేసే సాంకేతిక ప్రమాణం. దీనిని 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించాడు. ఈ పద్ధతిలో పాటలోని ధ్వనిని మార్చరు. శబ్దాన్ని ఎంత పెంచాలో లేదా తగ్గించాలో తెలిపే సంఖ్యను మాత్రమే ఫైలులో ట్యాగుగా రాసి ఉంచుతారు. మీడియా ప్లేయరు ఆ సంఖ్యను చదివి, పాట వినిపించేటప్పుడు స్థాయిని సరిచేస్తుంది.

అవసరం

కాంపాక్ట్ డిస్కులో ప్రతి ధ్వని నమూనా ఒక 16 బిట్ల సంఖ్య. దాని గరిష్ఠ విలువ 32767. ఈ హద్దును దాటడం సాధ్యం కాదు. అయితే 1990ల నుండి అనేక ఆల్బములను, వాటిలోని నెమ్మది భాగాలను కూడా పైకి లేపి, ఈ హద్దుకు చేరువలో ఉండేటట్లు తయారుచేశారు. ఈ పోటీకి "లౌడ్‌నెస్ వార్" అని పేరు వచ్చింది. అందువలన పాత, కొత్త పాటలను కలిపి వినేవారు ఒక పాటకు శబ్దం పెంచుకొని, తరువాతి పాట మొదలవగానే తగ్గించుకోవలసి వస్తుంది.

రెండు పాటల శిఖర విలువలను సమానం చేసినా ఈ ఇబ్బంది తీరదు. ఒక్క మృదంగపు దెబ్బ శిఖరాన్ని తాకినంత మాత్రాన పాటంతా గట్టిగా ఉన్నట్లు కాదు. కనుక చెవికి తోచే గట్టిదనాన్నే కొలవాలి.

లెక్కించే విధానం

మానవుని చెవి అన్ని పౌనఃపున్యాలను సమానంగా గ్రహించదు. అందుచేత మొదట ధ్వనిని చెవి స్వభావానికి అనుగుణమైన ఫిల్టరు ద్వారా పంపుతారు. తరువాత పాటను 50 మిల్లీసెకన్ల ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క శక్తిని లెక్కిస్తారు. ఈ విలువలను ఆరోహణ క్రమంలో అమర్చి, 95 శాతం వద్ద ఉన్న విలువను పాట గట్టిదనంగా తీసుకొంటారు. దీనిని 89 డెసిబెళ్ళ ప్రామాణిక స్థాయితో పోలుస్తారు. పాట 95 డెసిబెళ్ళుగా తేలితే ట్యాగులో -6, 86గా తేలితే +3 అని నమోదవుతుంది.

పాట విలువ, ఆల్బము విలువ

పాట విలువ ప్రతి పాటను విడిగా ప్రామాణిక స్థాయికి తెస్తుంది. కలగలుపు పాటల జాబితాకు ఇది అనుకూలం. ఆల్బము విలువ ఆల్బములోని పాటలన్నిటికీ ఒక్కటే. ఒక కచేరీలో నెమ్మదిగా సాగే ఆలాపన, ఉధృతమైన ముగింపు వేర్వేరు ఫైళ్ళలో ఉన్నప్పుడు పాట విలువను వాడితే రెండూ సమానమైపోయి, కళాకారుడు ఉద్దేశించిన తేడా నశిస్తుంది. అటువంటప్పుడు ఆల్బము విలువను ఎంచుకోవాలి.

క్లిప్పింగ్

శబ్దాన్ని పెంచినప్పుడు తరంగం హద్దును దాటితే దాని కొన తెగిపోయి ధ్వని బొంగురుపోతుంది. దీనిని క్లిప్పింగ్ అంటారు. ఇది జరగకుండా ట్యాగులో శిఖర విలువ కూడా ఉంటుంది. ఉదాహరణకు హద్దును 1 అనుకొంటే, శిఖరం 0.9 ఉన్న పాటను 3 డెసిబెళ్ళు పెంచితే అది సుమారు 1.27 అవుతుంది. ప్లేయరులో క్లిప్పింగ్ నివారణ ఎంపిక ఉంటే ఆ పెంపు దాదాపు 0.9 డెసిబెల్ వద్ద ఆగుతుంది.

ఇతర పద్ధతులు

ఎంపీ3గెయిన్ అనే ఉపకరణం ఎంపీ3 ఫైలులోనే ఉన్న స్థాయి సంఖ్యను 1.5 డెసిబెళ్ళ మెట్లలో మారుస్తుంది. కనుక ట్యాగులు చదవలేని ప్లేయర్లలోనూ దీని ఫలితం కనిపిస్తుంది. యాపిల్ సంస్థ ఐట్యూన్స్‌లో ఇదే ప్రయోజనానికి సౌండ్ చెక్ అనే సదుపాయాన్ని కల్పించింది. డైనమిక్ రేంజ్ కంప్రెషన్ వీటికి భిన్నమైనది. అది ఒకే పాటలోని హెచ్చుతగ్గులను కుదిస్తుంది. రీప్లేగెయిన్ పాట మొత్తాన్ని ఒకే కొలతతో జరుపుతుంది కనుక లోపలి హెచ్చుతగ్గులు చెదరవు.

తరువాతి ప్రమాణాలు

గట్టిదనాన్ని కొలిచేందుకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య 2006లో బీఎస్.1770 ప్రమాణాన్ని వెలువరించింది. దాని ఆధారంగా 2010లో ఐరోపా ప్రసార సమాఖ్య ఆర్128 సిఫారసును ప్రకటించి, ప్రసారాలకు -23 ఎల్‌యూఎఫ్ఎస్ స్థాయిని నిర్ణయించింది. రీప్లేగెయిన్ 2.0 కూడా బీఎస్.1770 కొలతనే స్వీకరించింది. పాత ట్యాగులతో పొసగేటట్లు దీని స్థాయిని -18 ఎల్‌యూఎఫ్ఎస్‌గా ఉంచారు. వినాంప్, ఫూబార్2000, వీఎల్‌సీ వంటి ప్లేయర్లలో రీప్లేగెయిన్ సదుపాయం ఉంది. వద్దనుకొన్నప్పుడు ట్యాగును తొలగిస్తే చాలు, పాట తొలి స్థాయిలోనే వినిపిస్తుంది.