టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ మ్యాపుల్లో లేయర్లు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల కోసం కంప్యూటర్‌లో గీసే మ్యాప్‌ను నేల, గోడలు, సామాను, పేర్లు, రహస్య గుర్తులు అంటూ విడివిడిగా ఉంచే పొరలను లేయర్లు అంటారు. ఏది దేని మీద కనిపించాలి, ఏది దాగి ఉండాలి, ఏది కదలకుండా ఉండాలి, ఏది ఎంత పలచగా కనబడాలి అన్నవి ప్రతి లేయర్‌కూ ఉండే ముఖ్యమైన సెట్టింగులు. ఈ పద్ధతి ఇంజినీరింగ్ డ్రాయింగు, ఫోటో ఎడిటింగు రంగాల నుంచి వచ్చింది. ఈ ఆటల్లో దానికి మరో పని కూడా తోడైంది: ఆట నడిపే గేమ్ మాస్టర్‌కు తెలిసినదాన్నీ ఆటగాళ్లకు కనిపించేదాన్నీ వేరుచేయడం. ఈ రంగంలో లేయర్ల చరిత్ర చాలావరకు ఆ రెండో పని చుట్టూ నడిచింది.

కాగితం కాలం

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. ఆట నడిపే వ్యక్తి భూగర్భ అంతస్తులను ముందే గ్రాఫ్ కాగితం మీద గీసి దాచుకునేవాడు. అతను వర్ణించి చెబుతుంటే ఆటగాళ్లలో ఒకరు తమ మ్యాప్ తాము గీసుకుంటూ పోయేవారు. అలా ఒకే చోటికి రెండు మ్యాపులుండేవి: పూర్తిది ఒకటి, తెలిసినంతవరకు గీసినది ఒకటి. 1970ల రెండో సగంలో జడ్జెస్ గిల్డ్ సంస్థ ఈ తేడాను అచ్చులోకి తెచ్చింది. అన్ని వివరాలున్న మ్యాప్ గేమ్ మాస్టర్‌కు, వివరాలు తగ్గించిన మ్యాప్ ఆటగాళ్లకు అంటూ జంటగా అమ్మింది.

పారదర్శక పొరలు కూడా కంప్యూటర్ల కంటే ముందే ఈ ఆటల్లోకి వచ్చాయి. టీఎస్‌ఆర్ సంస్థ 1987లో తెచ్చిన ఫర్‌గాటెన్ రియల్మ్స్ అనే కల్పిత ప్రపంచపు పెట్టెలో మడత మ్యాపులతో పాటు షట్కోణ గడులు అచ్చువేసిన పారదర్శక ప్లాస్టిక్ షీట్లు ఉండేవి. దూరం కొలవాలంటే షీటును మ్యాప్ మీద పరిచేవారు, పని అయ్యాక తీసేసేవారు. గడులను ఇలా బొమ్మ నుంచి విడదీసే పద్ధతినే తర్వాతి సాఫ్ట్‌వేర్లు చాలావరకు పాటించాయి.

క్యాడ్ వారసత్వం

ఈ ఆటల మ్యాపులకే ప్రత్యేకించి వచ్చిన తొలితరం వాణిజ్య ప్రోగ్రాముల్లో ఎక్కువకాలం నిలిచినది క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్. లండన్‌కు చెందిన ప్రోఫాంటసీ సంస్థ దాన్ని 1993లో విడుదల చేసింది. దాని అడుగున ఉన్న ఇంజిన్ ఫాస్ట్‌క్యాడ్ అనే ఇంజినీరింగ్ డ్రాయింగు (క్యాడ్) ప్రోగ్రాము. ఫాస్ట్‌క్యాడ్‌ను రాసిన మైక్ రిడిల్ గతంలో ఇంటరాక్ట్ అనే ప్రోగ్రాము కూడా రాశాడు, 1982 నాటి ఆటోక్యాడ్‌కు అదే మూలం. భవనాల ప్లానులో కరెంటు వైర్లు ఒక లేయర్‌లో, నీటి గొట్టాలు మరో లేయర్‌లో ఉంచే అలవాటు ఈ దారిలోనే కల్పిత రాజ్యాల మ్యాపుల్లోకి చేరింది.

2006లో మూడో తరంగా వచ్చిన క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్ 3లో ప్రతి వస్తువుకూ రెండు చిరునామాలు ఉంటాయి. అది ఏ రకం వస్తువో లేయర్ చెబుతుంది. దాన్ని ఏ వరుసలో గీయాలో షీట్ చెబుతుంది. లేయర్‌ను దాచవచ్చు, లేదా ఎవరూ మార్చకుండా ఫ్రీజ్ చేయవచ్చు. నీడలు, అంచు మెరుపులు వంటి ఎఫెక్టులు మాత్రం షీట్‌కే వర్తిస్తాయి, అదీ షీట్ మొత్తానికీ ఒకేలా. అందుకే గోడకు పొడవాటి నీడ, కుర్చీకి చిన్న నీడ కావాలంటే ఆ రెండింటినీ వేర్వేరు షీట్లలో పెట్టాలి. జాబితాలో పైనున్న షీట్‌ను ప్రోగ్రాము ముందు గీస్తుంది కాబట్టి మ్యాప్‌లో అది అడుగున పడుతుంది. ఫోటోషాప్‌లో ఈ వరుస సరిగ్గా తలకిందులు, అక్కడి నుంచి వచ్చేవారు మొదట తికమక పడేది ఇక్కడే.

ఫోటో ఎడిటర్ల దారి

1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక బొమ్మను మరో బొమ్మ మీద కలపడానికి లెక్కలు రూపొందించారు. ప్రతి బిందువుకూ రంగుతో పాటు ఎంత పారదర్శకమో చెప్పే ఆల్ఫా విలువ ఉంటే పొరలను కచ్చితంగా కలపవచ్చని చూపించారు. 1994లో వచ్చిన ఫోటోషాప్ 3.0 లేయర్లను మామూలు వాడకందారుల చేతికి అందించింది. తర్వాత ఉచితంగా దొరికే గింప్, క్రిటా వంటివి కూడా ఆ సదుపాయాన్ని ఇచ్చాయి.

చిత్రకారులు మ్యాపులకు వీటిని వాడటం మొదలుపెట్టాక సెట్టింగుల్లో పొరల రంగులు ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్‌కు ప్రాధాన్యం పెరిగింది. మల్టిప్లై మోడ్‌లో పై పొర, కింది పొర రంగుల విలువలను గుణిస్తారు. పై పొరలోని తెలుపు మాయమై నలుపు నిలుస్తుంది. అలా తెల్లకాగితం మీద గీసి స్కాన్ చేసిన పర్వతాలు పాత తోలు రంగు నేపథ్యం మీద సిరాతో గీసినట్టే కనిపిస్తాయి. లేయర్ మాస్క్ వాడితే గీసినదాన్ని చెరపకుండానే కొంత భాగాన్ని దాచవచ్చు, తీరరేఖలు మళ్లీ మళ్లీ మార్చేవారికి ఇది బాగా ఉపయోగం.

ఆన్‌లైన్ ఆటబల్లలు

ఆటగాళ్లు వేర్వేరు ఊళ్ల నుంచి ఆడే వర్చువల్ టేబుల్‌టాప్‌లతో (వీటీటీలతో) లేయర్ అర్థం మారింది. ఉచిత ప్రోగ్రామైన మ్యాప్‌టూల్‌లో నేపథ్యం, వస్తువులు, పాత్రలను సూచించే టోకెన్లతో పాటు గేమ్ మాస్టర్‌కే కనిపించే రహస్య లేయర్ ఉంది. 2012లో మొదలైన రోల్20 కూడా ఇదే పద్ధతిలో మ్యాప్, టోకెన్, గేమ్ మాస్టర్ లేయర్లతో వచ్చింది. పొంచి ఉన్న శత్రువు టోకెన్‌ను గేమ్ మాస్టర్ లేయర్‌లో ఉంచి, సమయం రాగానే టోకెన్ లేయర్‌కు మారిస్తే ఆటగాళ్ల తెరల మీద అతను ప్రత్యక్షమవుతాడు. జడ్జెస్ గిల్డ్ రెండు కాగితాలతో చేసిన పని ఇక్కడ ఒక మెనూ ఎంపికతో అయిపోతుంది.

రోల్20లోని డైనమిక్ లైటింగ్ లేయర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో గీసిన గీతలు ఆటగాళ్లకు కనబడవు, కానీ వారి టోకెన్ చూపును అడ్డుకుంటాయి. 2020 మేలో విడుదలైన ఫౌండ్రీ వీటీటీ గోడలు, వెలుతురు, శబ్దాలు, గమనికలకు విడివిడి లేయర్లు ఇచ్చింది. ఫౌండ్రీలో ఒక గోడ కదలికను, చూపును, వెలుతురును, శబ్దాన్ని వేటికవిగా ఆపేలా పెట్టవచ్చు. కిటికీ అయితే కదలికను ఆపి చూపును వదలాలి, బట్ట తెర అయితే చూపును ఆపి కదలికను వదలాలి. బొమ్మలో ఆ రెండూ ఎలా ఉన్నా ఆట వాటి సెట్టింగుల ప్రకారమే నడుస్తుంది.

నేటి సాఫ్ట్‌వేర్, ఎగుమతి సమస్య

2020లో వచ్చిన డంజన్‌డ్రాఫ్ట్ అనే మ్యాపులు గీసే ప్రోగ్రాములో నేల, గోడలు, పైకప్పులకు స్థానాలు ముందే నిర్ణయమై ఉంటాయి. బల్లలు, పీపాలు వంటి వస్తువులను ఏ లేయర్‌లో పెట్టాలన్నది మాత్రం వాడేవారి ఇష్టం. మేడలు, నేలమాళిగలు వంటి అంతస్తులకు లెవెల్స్ అనే వేరే ఏర్పాటు ఉంది. షట్కోణ గడులతో దేశాల మ్యాపులు గీసే వరల్డోగ్రాఫర్‌లో ఒక్కో గుర్తును గేమ్ మాస్టర్‌కు మాత్రమే అని నమోదు చేసుకోవచ్చు.

గీసే ప్రోగ్రాము నుంచి ఆడే ప్రోగ్రాముకు మ్యాప్‌ను పంపేటప్పుడే చిక్కు వస్తుంది. పీఎన్‌జీ, జేపెగ్, వెబ్‌పీ ఫైళ్లలో లేయర్లన్నీ కలిసి ఒకే బొమ్మ అవుతాయి. రహస్య ద్వారం గుర్తును దాచడం మరిచిపోతే ఆటగాళ్లందరూ దాన్ని చూస్తారు. అందుకే పేర్లు, గుర్తులు, గడులతో ఒకటి, అవేమీ లేకుండా ఒకటి చొప్పున రెండు బొమ్మలు తీసుకోవడం వాడుకగా మారింది. గడులను వదిలేయడానికి మరో కారణమూ ఉంది. ఆడే ప్రోగ్రాము తన గడులను తానే పైన గీస్తుంది, రెండూ పిక్సెల్ లెక్కన సరిపోకపోతే గీతలు జంటగా కనిపిస్తాయి.

ఎగుమతిలో లేయర్ల సమాచారం పోయే లోటును కొంతవరకు తీర్చడానికి డంజన్‌డ్రాఫ్ట్ యూనివర్సల్ వీటీటీ అనే ఫైలు పద్ధతిని అందిస్తుంది. చూపును ఆపే గీతలు, తలుపులు, దీపాల స్థానాలు ఆ ఫైలులో బొమ్మతో పాటే ప్రయాణిస్తాయి. ఫాంటసీ గ్రౌండ్స్ యూనిటీ అనే వర్చువల్ టేబుల్‌టాప్ దాన్ని నేరుగా తీసుకుంటుంది, ఫౌండ్రీకి అదనపు మాడ్యూల్ కావాలి. వస్తువుల లేయర్లు మాత్రం అందులో రావు. పాత్ర ఇంట్లోకి వెళ్లగానే పైకప్పు తొలగిపోవాలనుకుంటే పైకప్పును ఇప్పటికీ వేరే బొమ్మగా ఎగుమతి చేసి, ఆడే ప్రోగ్రాములో చేత్తో అమర్చుకోవాలి.