పటము వ్రాయువారు, పాడువారు, వినువారు



మన పల్లెలలో పూర్వము చదువు వచ్చినవాని యింట తాటాకుల కట్ట యొకటి యుండెడిది. అందులో ఆ యింటి వంశక్రమమో, మాన్యముల లెక్కయో, భాగవతములోని యొక స్కంధమో వ్రాసియుండెడిది. మరి చదువు రానివాని యింట నేమి యుండెడిది? అతనికి మూలపురుషుడు లేడా? తన వృత్తి యెట్లు పుట్టెనో, తన తాతలు లోకమునకేమి మేలు చేసిరో తెలిసికొనవలెనను కోరిక లేదా? ఉండెను. అతనికిని గ్రంథముండెను. అది ఆకుపై గంటముతో వ్రాసినది కాదు, గుడ్డపై కుంచెతో వ్రాసినది. దానిని చుట్టగా చుట్టి, భుజమున మోసికొని కథకులు ఊరూరికి తెచ్చెడివారు. రాత్రి రచ్చలో రెండు గుంజలు పాతి, దీపము పెట్టి, ఆ చుట్టను కొంచెము కొంచెముగా విప్పుచు కథ చెప్పెడివారు. దానినే పటమందురు. ఆ పటములను వ్రాయువారు నకాషీలు. వారి దినచర్యయు, వారు నేర్పెడి విద్యయు నేటి ప్రసంగమునకు విషయము.

నకాషి యను మాట పారసీక భాషనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. నక్ష్ అనగా చిత్రము. నక్కాష్ అనగా చిత్రకారుడు. పేరు పరభాషదైనను పని మనది. ఈ పనికి నేడు ప్రసిద్ధి కెక్కిన ఊరు చేర్యాల. అది చాలకాలము వరంగల్లు జిల్లా జనగామ తాలూకాలో నుండెడిది. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు క్రొత్తగా ఏర్పడినప్పుడు చేర్యాల సిద్ధిపేట జిల్లాలో చేరినది. కచ్చేరీ మారినదే గాని చేర్యాలకును జనగామ సీమకును గల పాత చుట్టరికము మారలేదు.

ఈ సీమకు చిత్రమును కథయు క్రొత్తవి కావు. జనగామ జిల్లాలోని పాలకుర్తితో సంబంధముగల పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమునందలి శివరాత్రి యుత్సవమును వర్ణించుచు ఆనాటి యాటపాటలను, బొమ్మలాటలను పేర్కొనెను. క్రీడాభిరామము ఓరుగల్లు వీథులను చూపుచు, మాచల్దేవి చిత్రశాలలోని పురాణకథల చిత్రములను గూర్చి చెప్పినది. ఆ చిత్రకారులకును చేర్యాల నకాషీలకును వంశసంబంధమున్నదని ఇంతమాత్రమున తేల్చి చెప్పరాదు. కాని పదునేడవ శతాబ్దినాటి తెలంగాణపు కథాపటములు నేటికిని నిలిచియున్నవి. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియములో ఇట్టి పటములను భద్రపరచినారు. కనుక ఈ విద్య మన తాతల తాతలు కన్నదే.

ఇక పటము పుట్టు క్రమము వినుడు. నకాషి యింట తెల్లవారకముందే పని మొదలగును. ముందునాటి రాత్రి నానబెట్టిన చింతగింజలను రుబ్బి, నీరు పోసి, కుండలో ఉడికించి జిగురు తీయుదురు. నూలు ఖాదీగుడ్డను పరచి, దానిపై గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టుబంక కలిపిన పూత పూయుదురు. ఒక పూత యెండిన పిమ్మట మరియొకటి. ఇట్లు మూడు పూతలు. ఎండ సరిగా లేనినాడు పూత ఆరదు, పని సాగదు. ఆరిన గుడ్డ అట్టవలె గట్టిపడి, కుంచెకు నునుపుగా నుండవలెను. చుట్టినప్పుడు మాత్రము పగుళ్లు బారరాదు. ఈ రెండు గుణములును ఒక్కచోట కుదుర్చుటయే మొదటి విద్య.

తరువాత రంగులు. తెలుపు శంఖముల పొడినుండి, నలుపు దీపపు మసినుండి, నీలము నీలిమందునుండి, పసుపు పేవుడినుండి, ఎరుపు ఇంగిలీకమునుండి తీసి, బంకనీటితో నూరి, కొబ్బరిచిప్పలలో పోసికొనెడివారు. ఉడుత తోక వెండ్రుకలతో సన్నని కుంచెలు కట్టుకొనెడివారు. నేడు చాలమంది అంగడి రంగులను వాడుచున్నారు. రంగు నూరుట, జిగురు కాచుట, పూతలు పూయుట మొదలైన పనులలో ఇంటి స్త్రీల చేయి యెప్పుడును ఉన్నది. పటము క్రింద పేరు వ్రాయించుకొన్నవాడు పురుషుడైనను, ఇల్లంతయు పనిచేసినగాని పటము పూర్తికాదు.

ఇంతవరకు చెప్పినది చేతిపని. అసలు కష్టము దీని తరువాత వచ్చును. అది పటమును విభజించుట.

పటము వెడల్పు మూడడుగులు. పొడవు ముప్పది అడుగులు మొదలుకొని అరువది అడుగుల వరకు నుండును. పటము చేయించుకొను కథకుడు వచ్చి నకాషి యెదుట కూర్చుండి కథ చెప్పును. నకాషి దానిని విని ఘట్టములుగా విడదీయును. ముప్పది అడుగుల గుడ్డలో ముప్పది ఘట్టములు పట్టవలెనన్న ఒక్కొక్కదానికి ఒక్క అడుగే దక్కును. ఏ ఘట్టమునకు వరుస నిండుగా ఇయ్యవలెను? ఏ రెండింటిని ఒక్క వరుసలో చేర్చవలెను? కథకుడు ఎచ్చట నిలిచి పాట యెత్తుకొనును? శ్రోతలు ఎచ్చట కంటనీరు పెట్టుకొందురు? ఇవన్నియు తెలిసినగాని గుడ్డపై మొదటి గీత పడదు. మొదట గణపతి, ఆ పిమ్మట దేవతలు, అటుపై కథ. వరుసకును వరుసకును నడుమ పూలతీగెల అంచు. అడవికి ఒకటి రెండు చెట్లు, రాజనగరునకు స్తంభములును తెరయు, నదికి నీటిగీతలును చేపలును చాలును. వెనుక నంతయు ఎర్రని రంగు. దూరమున కూర్చున్న ముసలివానికిని దీపపు వెలుతురులో ముఖము తెలియవలెను గదా! ఆ యెర్రదనము శోభకే కాదు, చూపునకును పనికివచ్చును.

ఇట్టి పటములపై ఏ కథలుండెడివి? పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుని, భావనాఋషి కథను చెప్పుదురు. రజకులకు పటమువారు మడేలు పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, నాయీబ్రాహ్మణులకు అద్దపువారు వారి కులకథను చెప్పుదురు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథను బొమ్మలు నిలిపి చెప్పుదురు. ఆ బొమ్మలను పొనికికఱ్ఱతో చేసి రంగులు వేయువారును నకాషీలే. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పుదురు. ఆ పురాణమున జాంబవంతుడు సృష్టికి ముందే పుట్టినవాడు. ఊరిలో దూరముగా నిలువుమని పగలంతయు ఆజ్ఞాపింపబడిన మనుష్యుడు, రాత్రి తన పటము నెదుట కూర్చుండి, నా మూలపురుషుడు ఈ భూమికంటె పెద్దవాడని వినెడివాడు. అతని కామాట యెంత బలమో ఊహింపుడు. కావున పటము వట్టి వినోదము కాదు. పుస్తకమునందు చోటు దక్కనివారు తమకుతాము చేసికొన్న పుస్తకమది.

లోకమున ఇతరులును ఇట్టి ప్రయత్నములు చేసిరి. వంగదేశమున పటువాలు కాగితములను వరుసగా అతికి, వెనుక గుడ్డ అంటించి, పటము వ్రాసి, తామే పాడుదురు. మనవద్ద వ్రాయువాడు వేరు, పాడువాడు వేరు. కోయలలో డోలీవారు పడిగె యను గుడ్డపతాకమును చూపుచు గోత్రముల కథలను చెప్పుదురు. నేడు ములుగు జిల్లాలోనున్న మేడారము 2016 మొదలు 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనిదే. అచ్చట రెండేండ్లకొకమారు సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. పాశ్చాత్యదేశములలో ఇంటింట బొమ్మలు, ఉత్తరములు, పత్రికల తునకలు కత్తిరించి పుస్తకమున అంటించి కుటుంబస్మృతులను దాచుకొను అలవాటు పందొమ్మిదవ శతాబ్దిలో మిక్కిలిగా వ్యాపించినది. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1873లో జిగురు ముందే పూసిన పుటలుగల అట్టి పుస్తకమునకు పేటెంటు పొందెను. అచ్చటి పుస్తకము ఒక్క యింటిది. మన పటము ఒక కులమంతటిది. కోరిక మాత్రము ఒక్కటే: మరచిపోకుండుట.

ఇప్పుడు నకాషి యింటి స్థితి యెట్లున్నది? సినిమా వచ్చినది, ఆపైన టెలివిజన్ వచ్చినది. రచ్చలో రాత్రుల తరబడి కథ వినువారు తగ్గిరి. విను వారు తగ్గగా కథకులకు ఊళ్లపైనుండిన మిరాశి వలన వచ్చు గింజలు తగ్గెను. కథకుడు పటము చేయించుట మానెను. పటము అడుగువారు లేక నకాషి దానిని ముక్కలు చేసెను. ఒక్క వరుసను, ఒక్కొక్కప్పుడు ఒక్క బొమ్మను వ్రాసి, చట్రము కట్టి, పట్టణమువారి గోడలకు అమ్ముచున్నాడు. కొబ్బరిచిప్పలపైనను, రంపపుపొట్టును చింతగింజల జిగురును కలిపిన ముద్దతోను ముఖముల బొమ్మలు చేయుచున్నాడు. ధనాలకోట ఇంటిపేరుగల కుటుంబమువారు ఈ విధముగానే విద్యను విడువక నిలుపుకొని, జాతీయ పురస్కారములను కూడ పొందిరి. ముక్కలు చేసినందుకు నకాషిని నిందింపరాదు. అన్నము పెట్టని విద్యను బిడ్డలకెట్లు నేర్పును? చిన్నబొమ్మలు అమ్ముడుపోబట్టియే కుంచె నిలిచినది.

అయినను ఒక నష్టమును దాచి లాభము లేదు. పూర్వము ఈ విద్య ఇంటిలోనే నేర్పబడెడిది. బిడ్డ మొదట రంగు నూరెడిది. పిదప ఎర్రని వెనుకభాగమును నింపెడిది. ఆ పిమ్మట పూలతీగెల అంచు. అటుపై వస్త్రములు, నగలు. కట్టకడపట ముఖము, కన్నులు. ఇన్నియేండ్లు తండ్రిప్రక్కన కూర్చున్నందున, కథకుడు వచ్చి చెప్పిన కథలన్నియు చెవిని పడెడివి. ఎవరును పాఠమని చెప్పకయే పంక్తుల విభాగము పట్టుబడెడిది. నేడు నకాషీలు ఇంటి గడపదాటి పాఠశాలలలోను, కళాశాలలలోను ఇతరుల బిడ్డలకు నేర్పుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగినది. ఇట్టి తరగతికి ముందు వారు పడు శ్రమ స్వల్పము కాదు. గుడ్డకు పూతలు పూసి ఆరబెట్టి తునకలు కోయవలెను. బొమ్మ రూపురేఖలు ముందే గీయవలెను. రంగులు, కుంచెలు పిల్లల లెక్కకు సరిపోవునట్లు సర్దవలెను. కాని రెండుమూడు దినముల తరగతిలో ఏమి పట్టుబడును? ముఖము, కన్ను, ఎర్రరంగు. ఒక్క బొమ్మ వచ్చును. ఒక బొమ్మ ప్రక్కన రెండవబొమ్మ యేల నిలుచునో ఆ తెలివి రాదు. అక్షరములు వచ్చి వాక్యము రానట్లే ఇదియును.

దీనికి ఉపాయము కలదు; అది మీచేతిలో నున్నది. ఏ ఊరిబడిలో నకాషి తరగతి పెట్టునో ఆ ఊరి పెద్ద యొకడు ఆ తరగతికి పోవలెను. ఊరిచెరువు ఎవరు త్రవ్వించిరో, బొడ్రాయి ఎట్లు పాతిరో, గత్తర వచ్చిన యేట ఊరేమి చేసెనో తాను వినినది వినినట్లు చెప్పవలెను. పిల్లలు ఆ కథను ఏడు ఘట్టములుగా విడదీయవలెను. నకాషి ఏడు వరుసలు గీచి, ఏ వరుసలో ఏమి నిలుపవలెనో వారిచేతనే చెప్పించవలెను. కాగితమైనను చాలును, ఆ పనికి ఖాదీయే కానక్కరలేదు. అప్పుడు వ్రాయువాడు, చెప్పువాడు, వినువాడు మరల ఒక్కచోట కూర్చుందురు. ఈ ముగ్గురిలో ఏ యొక్కరు లేకున్నను అది పటము కాదు, గోడబొమ్మయే.

మరియొక మనవి. జీర్ణించిన పటమును పూజచేసి నదిలో విడుచుట కథకులలో పాత ఆచారము. దానిని నేను తప్పుపట్టను. అది దేవతలున్న పటము. చెత్తలో పడవేయరానిదని వారి భక్తి. కాని విడుచుటకు ముందు దానిని వరుసవరుసగా ఛాయాచిత్రములు తీయింపుడు. కథకుడు బ్రతికియుండగనే ఏ వరుసలో ఎవరున్నారో అడిగి, వారి పేర్లు ఒక పుస్తకమున వ్రాయింపుడు. మీకు చదువు వచ్చినది. మీ తాతలలో పలువురకు రాలేదు. వారికై బొమ్మలతో వ్రాసియుంచిన గ్రంథమునకు అక్షరములతో ఒక చిన్న వ్యాఖ్య వ్రాయుట మీరు తీర్పదగిన ఋణము.

పటములు మ్యూజియములో నున్నవి. కుంచె నకాషి చేతిలో నున్నది. కథ మీ నోటిలో నున్నది. మొదటి రెండింటిని డబ్బిచ్చి కాపాడవచ్చును. మూడవది మీరు చెప్పినగాని నిలువదు. ఈ రాత్రియే మీ మనుమని పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి వరుస విప్పుడు.