పనివాడు రాసే బిల్లు: పుట్టుపూర్వోత్తరాలు

చాకలి పద్దు అన్న మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. ఎన్ని పంచెలు వేశాం, ఎన్ని చీరలు, ఎన్ని దుప్పట్లు అని ఇల్లాలు ఒక చిన్న పుస్తకంలోనో, కేలెండరు వెనకనో రాసుకునేది. ఉతికిన బట్టలు తిరిగి వచ్చాక ఆ పద్దు ముందు పెట్టుకుని సరిచూసుకునేవారు. పాల లెక్కా అంతే, గోడ మీది కేలెండరులో తేదీల పక్కన గీతలు. ఈ పద్దులన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. పని చేసింది ఒకరు, రాసింది ఇంకొకరు. కలం డబ్బు ఇచ్చేవాళ్ల చేతిలోనే ఉండేది. ఇవాళ అదే ఇంటికి ప్లంబరో, ఎలక్ట్రీషియనో, ఏసీ మెకానిక్కో వచ్చి, పని ముగించి, పైన తన పేరు, వరస నంబరు, తేదీ వేసిన బిల్లు చేతికిచ్చి వెళితే మనకు మామూలుగానే అనిపిస్తుంది. ఆ పద్దుకీ ఈ బిల్లుకీ మధ్య వేల ఏళ్ల దూరం ఉంది. బిల్లు చరిత్ర అంటే పన్నుల చరిత్ర అనుకునేవారే ఎక్కువ. నేను దాన్ని పనివాడి చేతికి కలం వచ్చిన చరిత్రగా చూస్తాను. ఆధారాలు కూడా అటే మొగ్గుతున్నాయి.

మనకు దొరికిన తొలి రాతలే లెక్కలు. ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్ నగరపు మట్టిపలకలు 5,000 ఏళ్లకు పైబడినవి. వాటిలో ఎక్కువ భాగం గింజలు, పశువులు, పనివాళ్లకు కొలిచిన బార్లీ లెక్కలే. అవి గుడి కొట్లలోని గుమస్తాలు రాసినవి. కూలి ఎంత ముట్టిందో పలక చెబుతుంది కానీ, ఎంత ముట్టాలని పనివాడు అడిగాడో చెప్పదు. క్రీ.పూ. 1750 ప్రాంతపు హమ్మురాబి శాసనానికి వస్తే ఇల్లు కట్టే మేస్త్రీకి రేటు కనిపిస్తుంది. కట్టిన ఇంట్లో ఒక్కో సార్ విస్తీర్ణానికి, అంటే సుమారు 36 చదరపు మీటర్లకు, రెండు షెకెళ్ల వెండి. గోడ సరిగా నిలవకపోతే సొంత వెండి పెట్టి దాన్ని గట్టిపరచాలని కూడా ఆ శాసనంలో ఉంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది వారంటీ. అదే శాసనంలో ఇంకో నియమం ఉంది. షావుకారి తరఫున తిరిగే ఏజెంటు తాను కట్టిన డబ్బుకు ముద్ర వేసిన రసీదు తీసుకోకపోతే ఆ డబ్బు లెక్కలోకి రాదు. అంటే రాతకు ఎంత బలముందో ఆనాడే తెలుసు. రేటు పెట్టే అధికారం మాత్రం రాజుది, పనివాడిది కాదు.

దీనికి మినహాయింపుగా ఈజిప్టులో ఒక ఊరు కనిపిస్తుంది. రాజుల లోయలో సమాధులు తొలిచి, బొమ్మలు వేసిన పనివాళ్లు కాపురం ఉన్న ఊరది, పేరు డెయిర్ ఎల్ మెదీనా. వాళ్లకు రాజుగారి కొట్టు నుంచి గింజలే జీతం. మూడో రామెసెస్ ఏలుబడి 29వ ఏట ఆ గింజలు వేళకు రాక పని ఆపేసి బయటికి వచ్చారు కూడా. ఆ ఊళ్లో చదువు వచ్చినవారు మిగతా చోట్ల కన్నా ఎక్కువ. సర్కారు పని లేని రోజుల్లో బయటివాళ్లకు శవపేటికలు చేసేవారు, వాటికి రంగులు వేసేవారు, మంచాలు చేసిపెట్టేవారు. ఏ వస్తువుకు ఎంత, బదులుగా ఏమేమి ముట్టింది అన్నది రాగి తూకంలో లెక్కగట్టి సున్నపురాతి పెచ్చుల మీద, కుండపెంకుల మీద రాసుకునేవారు. సుమారు 3,200 ఏళ్ల నాటి ఆ పెంకుల్ని మ్యూజియాల్లో ఇప్పటికీ చూడవచ్చు. పనివాడు తన పనికి తానే వెల రాసిన తొలి దాఖలాల్లో అవి ఉంటాయి. అక్షరం వచ్చినచోట, యజమాని ఒక్కడే కాక బేరాలు నలుగురితో ఉన్నచోట ఈ రాత పుట్టిందన్నది గుర్తుపెట్టుకోవాలి.

మన దేశానికి వస్తే, కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణం చేతిపనివాళ్ల గురించిన నియమాలతోనే మొదలవుతుంది. పని ఏది, ఎక్కడ, ఎప్పటికి అన్నది ముందే తేల్చుకుని చేయాలంటుంది. గడువు దాటితే కూలిలో నాలుగో వంతు కోత, పైగా జరిమానా. చెప్పిందొకటి చేసిందొకటి అయితే కూలి మొత్తం పోతుంది. ఇవాళ పనికి ముందు రాసుకునే ఎస్టిమేటులో ఉండాల్సిన మూడు సంగతులూ అందులో ఉన్నాయి. కానీ తెలుగు నేల మీద ఇంటి పనులకు బిల్లు పుట్టకపోవడానికి కారణం వేరే ఉంది. విజయనగర కాలం నుంచీ బాగా స్థిరపడిన ఆయగాండ్ర పద్ధతిలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, రజకుడు, మంగలి వంటి వారికి ఊరే యజమాని. మాన్యపు భూమి, కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఇచ్చే మేర, ఇవే ప్రతిఫలం. నాగలి కర్రు ఎన్నిసార్లు సాన పట్టినా, తలుపు ఎన్నిసార్లు సరిచేసినా విడివిడిగా వెల లేదు. లెక్క రాసేది కరణం, అది ఉండేది కవిలెకట్టలో. ఆ పద్ధతిలో ఏడాది పొడవునా తిండికి భరోసా ఉండేదని, బేరాల బాధ లేదని దాన్ని మెచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పంటలు పండిన ఏట భరోసా ఉన్నమాట నిజమే. కానీ ఈ పని ఇంతకైతే చేస్తాను, లేకుంటే చేయను అనే మాటకు అక్కడ చోటు లేదు. ఆ మాట అనలేని మనిషికి బిల్లుతో అవసరమే రాదు.

నగదు కూలి, పట్నవాసం పెరిగాక ఆ మాటకు చోటు దొరికింది. మనం వాడే పదాల్లోనే ఆ ప్రయాణం కనిపిస్తుంది. రసీదు పారసీక పదం, చేరింది అని అర్థం. డబ్బు నాకు చేరింది అని పుచ్చుకున్నవాడు ఇచ్చే మాట అది. ఇన్‌వాయిస్ ఫ్రెంచి మూలం నుంచి పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది, పంపినది అన్న అర్థంలోంచి పుట్టింది. సరుకుతో పాటు ఏమేం పంపామో రాసిన చీటీ అన్నమాట. బిల్లు అన్న పదం ముద్ర అనే అర్థమున్న లాటిన్ మాటకు రూపాంతరం. పంపింది ఇన్‌వాయిస్, చేరింది రసీదు. ఈ రెంటికీ తేడా తెలియక ఒకదాని బదులు ఇంకొకటి వాడటం వల్ల వచ్చే తగాదాలు తక్కువేం కాదు. డబ్బు ముట్టకముందే రసీదు రాసి ఇచ్చిన పనివాడు తన హక్కును తానే వదులుకున్నట్టు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో వడ్రంగులు, తాపడం పనివాళ్లు తమ దుకాణం గుర్తును అందంగా చెక్కించి అచ్చువేసుకున్న బిల్లు కాగితాలు బ్రిటిష్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. ఫలానా దొరగారు ఫలానా పనివాడికి బాకీ అన్నట్టుగా శీర్షిక రాయడం అప్పటి వాడుక. ఆ వరసలో ఎంత మార్పు ఉందో చూడండి. గుమస్తా పద్దులో పనివాడు ఒక పేరు, పక్కన ఒక అంకె. ఇక్కడ కాగితం పనివాడిది, పద్దులో పేరు దొరది.

ఇంగ్లీషు పాలనతో మనకు ఆ రెండు పద్ధతులూ కలిసే వచ్చాయి. పబ్లిక్ వర్క్స్ శాఖలో కూలీల హాజరు, కూలి రాసేది మస్టర్ రోల్, అది డిపార్టుమెంటు చేతిది. కాంట్రాక్టరు అయితే బిల్లు పెట్టుకుంటాడు. కాలువ గట్టున ఒకే మట్టి మోసినా ఒకరు పద్దులో అంకె, ఇంకొకరు లావాదేవీలో పక్షం. 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనివల్ల లాభపడినవారు దానికి ప్రతిఫలం ఇచ్చి తీరాలంది. అదే ఏడాది వచ్చిన సాక్ష్య చట్టం, ఒకరు సొంత ఖాతా పుస్తకంలో రాసుకున్న పద్దు ఒక్కటే ఆధారంగా ఎదుటివారి మీద బాకీ మోపడానికి చాలదంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఆ నియమం ఉంది. అందుకే నా డైరీలో రాసుకున్నాను కదా అనుకోవడం చాలదు. రాసింది ఎదుటివారి చేతికి వెళ్లాలి, వాళ్లు చూసినట్టు సంతకమో, వాట్సాప్‌లో ఒక జవాబో ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. చేసిన సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఒకప్పుడు పనివాడు రాయడానికి వీల్లేదు. ఇప్పుడు రాయకపోతే తప్పు.

ఇక ఆ కాగితాన్ని దగ్గరగా చూద్దాం. గీజరు పని, రూ. 2,350 అని ఒక్క వరస రాసిన చీటీ అనుకోండి. అది కచ్చా చీటీ. అదే పనికి వరస నంబరు, తేదీ, ఫ్లాటు నంబరు వేసి, కింద ఇలా రాశారనుకుందాం: బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఎలిమెంటు కాలిపోయింది, కొత్త 2 కిలోవాట్ల ఎలిమెంటు రూ. 650, థర్మోస్టాటు రూ. 450, యానోడ్ రాడ్ రూ. 350, లేబరు రూ. 700, వచ్చి చూసినందుకు రూ. 200, మొత్తం రూ. 2,350, అడ్వాన్సు రూ. 1,000 ముట్టింది, బాకీ రూ. 1,350. ఎలిమెంటుకు కంపెనీ వారంటీ, పనికి తన వారంటీ ఎన్ని నెలలో విడిగా. ఈ రెండో కాగితంలో ఎక్కువైంది అంకెలు కాదు, తెలివి. గీజరు ఎందుకు పాడైందో అతను కనిపెట్టాడని, తుప్పు ట్యాంకును తినకుండా ముందు తాను కరిగిపోయే రాడ్ ఒకటుంటుందని అతనికి తెలుసని ఆ కాగితం చెబుతుంది. ఎనిమిది నెలలకు మళ్లీ నీళ్లు కాగకపోతే ఇంటివాళ్లు వెతుక్కునేది కూడా ఈ కాగితాన్నే. పద్ధతిగల బిల్లు అంటే రంగుల లోగో అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ఏం చూశాను, ఏం చేశాను, దేనికెంత అన్నది రాసినదే పద్ధతిగల బిల్లు.

ఫోన్‌పే చేసిన ఆధారం ఉండగా బిల్లు దేనికి అని అడుగుతారు. యూపీఐ మెసేజీ ఎంత వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో చెబుతుంది. దేనికి వెళ్లిందో చెప్పదు. ఉరుక్ పలకలాగే అది కూడా ఇచ్చేవాడి వైపు లెక్క. బిల్లు రాస్తే పన్ను నెత్తిన పడుతుందన్న భయం ఇంకోటి. దీని వల్లే ఎక్కువమంది వెనకాడుతున్నారు కాబట్టి స్పష్టంగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవలు అందించేవారికి ఏడాది రాబడి రూ. 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటివారు సాదా బిల్లు ఇవ్వవచ్చు. అందులో జీఎస్‌టీ వరస మాత్రం వేయకూడదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పన్ను వసూలు చేయడం చట్టవిరుద్ధం. యాప్‌ల ద్వారా వెళ్లే ప్లంబరు, వడ్రంగి పనుల మీద పన్ను కట్టే బాధ్యతను 2017లోనే ఆ యాప్ నడిపే సంస్థ మీద పెట్టారు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని పనివాళ్ల విషయంలో. అంటే చిన్న పనివాడు బిల్లుకు భయపడాల్సిన పని లేదని చట్టమే చెబుతోంది.

వివరంగా రాస్తే ఇంటివాళ్లు ప్రతి వరసకూ బేరమాడతారు, థర్మోస్టాటు ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తోందంటారు అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఇందులో నిజముంది, కొట్టిపారేయలేను. కానీ ఆ బేరం ఎక్కడ పుడుతోంది? తన తెలివికి, తిరుగుడుకు విడిగా వెల రాయడానికి మొహమాటపడి, దాన్ని సామాను ధరలో కలిపేసిన చోట పుడుతోంది. సామానుకు సామాను ధర, పనికి పని ధర రాసిన చోట బేరం పని మీదికే వస్తుంది. ఆ బేరం న్యాయమైనది, దానికి జవాబు చెప్పగల మనిషి ఎదురుగానే ఉన్నాడు. అన్నదమ్ముల మధ్యనైనా లెక్క లెక్కే అనే మనం, నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకు అనకూడదు. ఇక రాయడం రాదు అన్నమాట. ప్రింటింగ్ ప్రెస్‌లో డూప్లికేటు బిల్లు పుస్తకం వేయించుకుంటే ఖాళీలు నింపడమే మిగులుతుంది. సాదా బిల్లు ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు, తెలుగులో రాసినా అంతే చెల్లుతుంది. డబ్బు ఎప్పుడివ్వాలో ముందే అనుకోని పనికి, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోగా బాకీ కోసం కోర్టుకు వెళ్లవచ్చని 1963 లిమిటేషన్ చట్టం చెబుతోంది. పని ఏ రోజు పూర్తయిందో చెప్పడానికి పనివాడి దగ్గర ఉండేది బిల్లు మీది తేదీయే.

కాబట్టి ఇంటికి పనివాడు వచ్చినప్పుడు డబ్బిచ్చే ముందు బిల్లు అడగండి. పుస్తకం లేదంటే ఒక తెల్లకాగితం, కలం అందించండి. మీరు రాయకండి, ఆయన చేతే రాయించండి.